ఖాళీ జాగ మీద పడ్డ తువ్వాల

సత్తయ్య కంచం అరుగు మీదికి వచ్చింది. నిన్నా అక్కడే, ఇవాళా అక్కడే. పెళ్ళయిన నాటి నుంచి పొయ్యి పక్కన పీట వేసుకుని తిన్న మనిషికి జొన్నరొట్టె, పప్పు బయట పెట్టి, చెంబుతో నీళ్ళు పెట్టి, దేవమ్మ లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. తిట్టినా బాగుండేది. తిట్టే పెళ్ళాంతో ఎవరైనా కాపురం చేస్తారు. కంచం బయట పెట్టి ఊరుకునే పెళ్ళాంతో ఎట్లా చేస్తారో నాకైతే తెలియదు.

"పప్పుల ఉప్పు లేదు," అన్నాడు సత్తయ్య, తలుపును చూస్తూ.

ఉప్పు డబ్బా వచ్చింది. అది చిన్నకొడుకు అంజన్న చేతిలో వచ్చింది. ఇరవై ఏళ్ళవాడు. డబ్బాను తండ్రి పక్కన పెట్టి, మొహం చూడకుండానే లేచాడు.

"నువ్వన్న మాట్లాడరా."

"ఏం మాట్లాడాలె నాయిన?"

"తిట్టాలనిపిస్తె తిట్టు."

"తిట్టుడెందుకు? రూలు ప్రకారమే జేసినవ్ గద."

అని పెరట్లోకి పోయాడు. సత్తయ్య తుంచిన రొట్టెముక్క కంచంలోనే వదిలేశాడు.

మొన్న ముత్తంగి బడి మైదానంలో జరిగింది ఊరందరూ చూశారు. పటాన్‌చెరు చుట్టుపక్కల కంపెనీల కబడ్డీ జట్లు ఆటగాళ్ళను ఏరుకునే రోజది. పోరగాళ్ళు చాప మీద భుజం భుజం తాకేలా వరుసగా కూర్చుంటారు. వంతు వచ్చిన కంపెనీ ఉస్తాద్ తమ రంగు తువ్వాల తెచ్చి, కావలసినవాడి భుజం మీద వేస్తాడు. తువ్వాల పడ్డవాడికి ఆ ఏడాది ఆట, ఆటతోపాటు కంపెనీలో కొలువు. ఆటగాడెవరైనా చనిపోతే, ఆ ఏడాది వాడు కూర్చునే జాగ ఖాళీగా వదిలి, అక్కడ వాడి మోకాలి పట్టీ పెడతారు. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మానడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు.

ఈసారి ఖాళీ జాగ కామరాజుది. సత్తయ్య పెద్దకొడుకు. వాడి పట్టీ పక్కన అంజన్న కూర్చున్నాడు. చివరి వంతు పచ్చగేటు కంపెనీది. గడ్డపోతారం దారిలో ఉన్న ఆ మందుల కంపెనీకి పెద్ద ఇంగ్లీషు పేరొకటి ఉంది గాని, గేటు రంగును బట్టి జనం అట్లాగే పిలుస్తారు. కామరాజు ఆడింది ఆ జట్టుకే. అన్న జాగలో తమ్ముడినే తీసుకుంటారని అందరికీ తెలుసు కాబట్టి మిగతా జట్లు అంజన్న వైపు చూడలేదు.

పచ్చగేటు ఉస్తాద్ పెద్దరాములు పచ్చ తువ్వాల చేతుల మీద పరుచుకుని వచ్చాడు. ముసలివాడు, కామరాజుకు కూత నేర్పినవాడు. నేరుగా అంజన్న దగ్గరికి పోతే ఏ గొడవా లేకపోను. పోయిన శిష్యుడికి ఒక దండం పెట్టుకుని పోదామనుకున్నాడు పాపం. వంగి, తువ్వాలను ఆ పట్టీ మీద ఉంచి, రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. మళ్ళీ తువ్వాలను తీయబోయాడు.

అప్పుడు విజిల్ మోగింది. ఊదింది సత్తయ్య. ఏరుకునే రోజు అంపైరు ఆయనే.

"పడ్డ తువ్వాల పడ్డట్టే," అన్నాడు. "పచ్చగేటు వంతు అయిపోయింది. ఈ యేడు వాళ్ళకు ఆ జాగ ఖాళీనే."

పెద్దరాములు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అంజన్న చాప మీది నుంచి లేచి, చొక్కా భుజాన వేసుకుని, ఒక్కడే ఇంటికి నడిచి వచ్చాడు.

*

"ఒక్క సంగతి చెప్పు."

తలుపు వెనక నుంచి దేవమ్మ గొంతు. మొన్నటి నుంచి మొగుడితో ఆమె అన్న మొదటి మాట అది.

"అడుగు."

"తువ్వాల ఆ పట్టీ మీద పడ్డది నువ్వు చూసినవా? నీ కండ్లతోని చూసినవా?"

"చూసిన."

"దానికంటె ముందు మన అంజన్నకు తాకలేదా? ఇద్దరు పక్కపక్కకే కూసున్నరు గద."

'ఇద్దరు' అన్న మాట అరుగు మీదా వినబడింది, తలుపు వెనకా వినబడింది. కూర్చున్నది ఒక్కడే, రెండో జాగలో ఉన్నది పట్టీ.

"తాకలేదు," అన్నాడు సత్తయ్య చివరికి.

దేవమ్మ తలుపు తీసి గడపలో కూర్చుంది. "నీ రూలు నాకు తెల్వదనుకున్నవా? ఇన్నేండ్ల సంది ఇంట్ల అదే ముచ్చట. తువ్వాల ఫస్టు ఎవనికి తాకితె వానిదే. అంపైరు చూస్తె అంపైరు మాట. అంపైరు చూడకపోతె కూసున్న పోరని మాట. గంతే గద?"

"గంతే."

"మరి కబడ్డీ కమిటీల పోయి నేను చూడలేదని చెప్పు. అంజన్నను అడుగుతరు. నాకే తాకిందని వాడు చెప్తడు. తువ్వాల వానిదైతది, కొలువు వానిదైతది."

"చూసినోణ్ణి చూడలేదని ఎట్ల జెప్పాలె?"

"నోటితోనే జెప్పాలె. పొలంల గడ్డి సుత మొలుస్తలేదు. బోరు నీళ్ళు పసుపురంగొస్తె బర్లు మూతి పెడుతలేవు. పోరడు ఏం దిని బతుకుతడు? నీ విజిలా?"

"ఆ రూలు నా కోసం పెట్టించిన్నా నేను? పెద్దోని కోసం గాదా?"

దేవమ్మ తల తిప్పుకుంది. అది నిజమే. కామరాజు మొదటిసారి చాప మీద కూర్చున్న ఏడు ఒక కంపెనీవాళ్ళు వాడి భుజం మీద తువ్వాల వేశారు. వాడి మోకాలు వాచి ఉందని ఎవరో చెవిలో ఊదేసరికి, అందరూ చూస్తుండగా తీసి పక్కవాడి మీద వేశారు. వాడు నెల రోజులు గడప దాటలేదు. సత్తయ్య కమిటీ వాళ్ళ కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని, పడ్డ తువ్వాల లేపరాదని రూలు పెట్టించాడు. ఎవడి కోసం పెట్టించాడో వాడి ఖాళీ జాగ మీదే ఆ రూలు వచ్చి పడుతుందని అప్పుడు ఎవరనుకున్నారు?

"ఉన్నోని నోట్ల మన్ను గొట్టి పోయినోనికి పెట్టినవు," అంది దేవమ్మ. లేచి లోపలికి పోయింది. తలుపు మళ్ళీ దగ్గరగా పడింది.

ఇప్పుడు సత్తయ్య సంగతి చెప్పాలి. ఆయన ఇంతవరకు పెళ్ళానికి చెప్పలేదు, కమిటీకి చెప్పలేదు, తనకు తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు. ఆయన చూడలేదు. పెద్దరాములు నడిచి వస్తున్నంతసేపూ సత్తయ్య చూపు ఆ మోకాలి పట్టీ మీదే ఉంది. దానికి ఒక పక్క కామరాజు తానే వేసుకున్న వంకర కుట్లు ఉన్నాయి. ఆ కుట్లు చూస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగి అంతా మసకైపోయింది. మసక విడేసరికి పట్టీ మీద పచ్చ తువ్వాల ఉంది, నోట్లో విజిల్ ఉంది. తువ్వాల ముందు దేనికి తాకిందో ఆయనకు తెలియదు. ఏడుస్తున్న అంపైరు ఊదిన విజిల్ అది.

*

మధ్యాహ్నం ఎండలో దేవమ్మకు కూత వినబడింది.

కబడ్డీ కబడ్డీ కబడ్డీ అని, మెల్లగా మొదలై, తెగకుండా, ఊపిరి దాచుకుంటూ పోయే కూత. అది కామరాజు కూత. మిగతా పోరగాళ్ళు గీత దాటగానే అరుస్తారు. వాడు మాత్రం పక్కింటివాళ్ళ నిద్ర చెడుతుందేమో అన్నట్టు నిమ్మళంగా కూత పెట్టి, అందరి ఊపిరీ అయిపోయాక కూడా పెడుతూనే ఉండేవాడు.

ఆమె చేతిలోని చేట అక్కడే పెట్టి పెరట్లోకి పోయింది. అంజన్న గోడ నీడలో కూర్చుని ఉన్నాడు. ఏరుకోవడం అయ్యాక కమిటీవాళ్ళు ఇంటికి పంపిన అన్న పట్టీ వాడి ఒళ్ళో ఉంది.

"నువ్వా కూత పెట్టింది?"

"నేను కాదవ్వా."

"మరెవరు?"

అంజన్న పట్టీ మీద చెయ్యి పెట్టాడు. "నీకూ ఇనబడ్డదా?" అని అడిగాడు.

దేవమ్మ వాడి పక్కన కూర్చుంది. తల్లీకొడుకులు ఎండను చూస్తూ కూర్చున్నారు.

*

పొద్దు వాలుతుండగా పచ్చగేటు కంపెనీ జీపు వచ్చి వాకిట్లో ఆగింది. దిగినవాడు రాజేశ్వర్; డ్రైవరు రేడియో పెట్టుకుని జీపులోనే ఉన్నాడు. కంపెనీలో మనుషుల్ని తీసుకునేదీ తీసేసేదీ ఆయనే. సంగారెడ్డిలో ధాన్యం కొట్టు ఉన్న సేటు కొడుకు. మాట మెత్తన.

కామరాజు పోయిన రోజు కూడా ఈయనే వచ్చాడు. వాడు అప్పటికి నెల ముందే మా మనిషి కాకుండా పోయాడు, ఆ రోజు కంపెనీ లోపలికి రానే లేదు, గేటు బయట కళ్ళు తిరిగి పడిపోయాడు, మనిషన్నాక పాపం అనిపించి ఆస్పత్రికి పంపించాం, అని చెప్పిపోయాడు. వాడి బట్టలు మందుల వాసన కొట్టాయి. బయట పడినవాడికి ఆ వాసన ఎక్కడిదని సత్తయ్య అడిగితే, గాలిలో ఉంటుంది కదా అన్నాడు. సత్తయ్య లేబరాఫీసులో అర్జీ పెట్టుకున్నాడు. సోమవారం విచారణ. సాక్ష్యం చెప్పేవాడు మాత్రం ఒక్కడూ దొరకలేదు.

రాజేశ్వర్ అరుగు మీద కూర్చుని, పక్కనున్న కంచాన్ని చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

"పెద్దమనిషివి సత్తయ్యా. ఒక్క మాట చెప్పు కమిటీకి. జెర సరిగ చూడలేదని చెప్తె అయిపాయె. అంజన్న మాట తీసుకుంటరు. సోమవారం నుంచే డ్యూటీ. పర్మనెంటు చేయించుడు నా బాధ్యత."

"పోరనికి కొలువియ్యాలని మీకు మనసుంటె, తువ్వాల ఎందుకు సార్? గేటు మీ చేతిలనే ఉన్నది, తెరిస్తె అయిపాయె గద."

"అట్ల కాదు. తువ్వాల అట్లనే ఉంటె బాగుండదు."

"ఎవలికి బాగుండదు?"

రాజేశ్వర్ చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "జనం నోరు మంచిది కాదు సత్తయ్యా. కామరాజు మా మనిషి కాదని మేం రాసిచ్చినం. మా ఉస్తాదే పోయి అందరి ముంగట వాని జాగ మీద మా తువ్వాల వేసె. మీది కాని మనిషి మీద తువ్వాల ఎందుకేసిండ్రని లేబరాఫీసరు అడిగిండట. సోమవారం విచారణల అదే అడుగుతడు."

సత్తయ్యకు అప్పుడు తెలిసింది, జీపు ఎందుకు వచ్చిందో. ఆ తువ్వాల అక్కడ ఉన్నంతకాలం కామరాజు ఆ కంపెనీ మనిషే. అది అంజన్న భుజం మీదికి మారితే ఇక వాడు ఎవరికీ ఏమీ కాడు. ఒక కొడుకును ఒప్పుకోవాలంటే ఒక కొడుక్కి కొలువు పోవాలి.

దేవమ్మ చాయ్ తెచ్చింది. తలుపు చాటున ఆమె సగమే విన్నది, ఆ సగంలో పర్మనెంటు అన్న మాట ఉంది.

"సారూ, మా ఆయన మొండోడు. మీరు జెర మంచిగ జెప్పుండ్రి. చిన్నోని బతుకు మీ చేతిల ఉన్నది."

"అందుకే గదమ్మా వచ్చిన," అంటూ గ్లాసు అందుకున్నవాడు అట్లాగే ఆగిపోయాడు. మెడ పెరటి వైపు తిప్పాడు. "వెనక పోరగాళ్ళెవరన్న ఆడుతున్నరా?"

"ఎవరు లేరు సార్," అన్నాడు అంజన్న. వాడు అప్పటికే వచ్చి వాకిట్లో వేపచెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు.

"కూత ఇనబడ్డది."

ఆ ఇంటివాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రాజేశ్వర్ చాయ్ పక్కన పెట్టాడు. ఏదో ఒకటి మాట్లాడితే ఆ కూత ఆగుతుందన్నట్టు గబగబా అందుకున్నాడు.

"కామరాజు మీద నాకు మాత్రం ప్రేమ లేదా అమ్మా? అసుంటి ఊపిరి నేను ఎవ్వనికి చూడలే. నీకు ఊపిరెక్కువ గద బిడ్డా అంటె కాదనలే వాడు. ముందుగాల దిగిన ఇద్దరు దగ్గుకుంట బయటికి ఉరికొచ్చిండ్రు. వాడు లోపట ఎంత సేపున్నడంటె..."

ఆగాడు.

జీపులో డ్రైవరు రేడియో కట్టేశాడు. మర్యాదకు చేశాడో, వినడానికి చేశాడో తెలియదు.

"ఏడ లోపట సారూ?" అంది దేవమ్మ.

"ఆటల సంగతి చెప్తున్నమ్మా."

"ఆటల దిగుడు ఉండదు సారూ. ఇద్దరు ఆటగాళ్ళను కన్న. ఆటల కూతకు పోతరు, మళ్ళ వస్తరు. దిగేది బాయిలకు. లేకుంటె మీ ట్యాంకులకు."

"నువ్వు అపార్థం చేసుకుంటున్నవ్."

"ఏ ట్యాంకు సార్?" అన్నాడు అంజన్న చెట్టు దగ్గర నుంచే.

రాజేశ్వర్ లేచి నిలబడ్డాడు. చెప్పు ఒకటి కాలికి దొరకలేదు. దేవమ్మ ఆ చెప్పును కాలితో ఆయన ముందుకు జరిపింది.

"పోయిండని మీరు జెప్పిన నాడు నేను నమ్మిన," అంది. గొంతు పెంచలేదు. "ఎండకు కండ్లు తిరిగి పడిపోయిండని నమ్మిన. పొద్దుమూకి గాలి ఇటు మర్లితె మీ కంపెనీ వాసన వస్తది. వాని అంగీల వాసన అదే. వాడొచ్చిండని రోజు తలుపు తీస్త. ఊపిరెక్కువని వాణ్ణే దింపిండ్రు మీరు."

"అమ్మా, చిన్నోని సంగతి ఆలోచించు."

"ఆలోచించిన. మా ఆయన రూలే రూలు. పడ్డ తువ్వాల పడ్డట్టే, మీ నోటి నుంచి పడ్డ మాట గూడ పడ్డట్టే. మీ డ్రైవరు సుత ఇన్నడు. సోమవారం వస్తం మేము. నా పెద్దకొడుకు మీ మనిషి."

అని వంగి, అరుగు మీది కంచం, చెంబు తీసుకుంది. మొగుడి వైపు చూసి, "లోపటికి రా, అన్నం పెడత," అంది. ముద్ద దిగని రెండు రోజులు ఆ ఒక్క మాటతో సత్తయ్య గొంతులోంచి దిగిపోయాయి. ఆయనకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

రాజేశ్వర్ జీపు దాకా పోయాడు.

"నాయిన," అన్నాడు అంజన్న.

"ఏంరా?"

"తువ్వాల నాకే తాకింది ఫస్టు."

దేవమ్మ కంచంతో గడపలో ఆగిపోయింది. రాజేశ్వర్ జీపు మెట్టు మీద పెట్టిన కాలు దింపాడు.

"ఏమంటున్నవ్ బిడ్డా?" అంది దేవమ్మ.

"పెద్దరాములు ఉస్తాద్ వంగినప్పుడు దాని అంచు నా భుజానికి రాసుకుంట పోయింది. తర్వాతనే అన్న పట్టీ మీద పడ్డది. అన్న జాగ పక్కన కూసొని నాకని అడగబుద్ధి కాలే. ఇప్పుడు అడుగుతున్న. రూలు ప్రకారం అది నాది."

"వద్దురా. కొలువు లేకుంటె కూలికి పోదం. ఆ గేటు దిక్కు చూడకు."

"సోమవారం డ్యూటీకి వస్త సార్," అన్నాడు అంజన్న, తల్లి మాట విననట్టు. వాడు రాజేశ్వర్‌ను చూడలేదు. చేతిలోని మోకాలి పట్టీని మడతపెట్టి జేబులో పెట్టుకుంటున్నాడు.

కొలువు దొరికినవాడి గొంతు కాదది. ఏ ట్యాంకు అని అడిగినప్పుడు ఎట్లా ఉందో, ఇప్పుడూ అట్లాగే ఉంది. వాడు లోపలికి పోయి ఆ ట్యాంకును వెతుకుతాడు. సత్తయ్యకు తెలిసింది. దేవమ్మకు అంతకంటే ముందే తెలిసింది. కబడ్డీలో ఒకడు అవుటైతే వాణ్ణి బతికించి తెచ్చుకోవడానికి ఇంకొకడు కూతకు పోతాడు. ఇంకొకడు అని ఇంట్లో మిగిలింది వీడొక్కడే.

గాలి మళ్ళింది. పొద్దుగూకే వేళ వచ్చే ఆ వాసన వాకిట్లోకి వచ్చింది. రోజూ దానికోసం తలుపు తీసే ఆడది, ఇవాళ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా. నువ్వు చూసినవా?"

సత్తయ్య అంజన్న జేబు వైపు చూశాడు.

"పట్టీ మీదనే పడ్డదని చెప్పినవ్ గద నాకు. నీ కండ్లతోని చూసిన్నన్నవ్ గద. అంపైరు చూస్తె పోరని మాట చెల్లదు. చూసిన్నని చెప్పు. ఈ సారు ముంగట చెప్పు."

పొద్దున ఇదే ప్రశ్నకు 'చూడలేదు' అన్న జవాబు కోరింది ఆమె. అప్పుడు ఆయన అడగని అబద్ధం ఆడాడు. ఇప్పుడు ఆ అబద్ధమే కావాలి, అదీ ఒక్క మాట. దానితో పెద్దకొడుకు కంపెనీ మనిషవుతాడు, చిన్నకొడుకు గేటు బయట ఉంటాడు. ఇంత సులువైన మాట సత్తయ్య జన్మలో ఎవరూ అడగలేదు.

అంజన్న తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు నన్ను చూడలే నాయిన," అన్నాడు నెమ్మదిగా. "ఆ పొద్దు నేను నిన్నే చూస్తున్న. నువ్వు ఏడుస్తున్నవ్."

సత్తయ్య చెయ్యి మెడలోని విజిల్ దగ్గరికి పోయింది. పెళ్ళాం ఒక పక్క నుంచి, కంపెనీ మనిషి ఒక పక్క నుంచి, కొడుకు ఎదురుగా నిలబడి ఆయన నోటి వైపు చూస్తున్నారు. పెరట్లో కూత ఇంకా తెగలేదు. ఆయన నోరు తెరిచాడు.